జర్మనీ చీపురు, గుత్తులపల్లె గుమ్మం

"బేజన్" అంది ఆవిడ, గుమ్మం పైకి చెయ్యి చూపిస్తూ.

మా సంచాలకులు శ్రీ తాళ్ళూరి దక్షిణామూర్తి గారికి అది "బేసిన్" అని వినిపించింది. భోజనానికి ముందు చేతులు కడుక్కోమంటున్నారు కాబోలు, ఎంతైనా నాగరికులు అనుకుని, రెండు చేతులూ చాచి గుమ్మం కింద నిలబడ్డారు. ఆయన ఏం చేస్తే వెనకున్నవాళ్లూ అదే చెయ్యాలి. ఇది మా సర్వీసు రూల్సులో లేదు గానీ సర్వీసులో ఉంది. ఉపసంచాలకురాలు మందాకిని గారు చేతులు చాచారు. నేనూ చాచాను. పైనుంచి నీళ్లు ఎప్పుడు పడతాయా అని ముగ్గురం గుమ్మం కేసి చూస్తుంటే, ఇదేదో భారతదేశపు ఆచారం కాబోలు అనుకుని ఆ ఇంటావిడ ఇర్మా గారు కూడా మా పక్కన చేతులు చాచి నిలబడింది.

నీళ్లు పడలేదు. నలుగురం తలెత్తి చూస్తే అక్కడున్నది చీపురు. గుమ్మం పైన, మనం మామిడాకులు కట్టే చోట, పుల్లలు పైకీ పిడి కిందికీ పెట్టి, రంగు రిబ్బను చుట్టి మరీ కట్టారు. జర్మన్ భాషలో బేజన్ అంటే చీపురట.

అసలు మేం జర్మనీ ఎందుకు వెళ్లామో చెప్పాలి. గుత్తులపల్లె అని అనంతపురం దిక్కున, బెంగుళూరు హైవే మీద ఒక ఊరుంది. ద్రాక్ష పందిళ్లకు పేరు. పందిళ్లున్న చోట పెళ్లిళ్లు జరగాలి గానీ, ప్రభుత్వం వారు అక్కడ ద్రాక్షా పర్యాటకాభివృద్ధి మండలిని ఏర్పాటు చేశారు. "మండలి అంటే మండాలనేనా సార్" అని ఊళ్లో ఎవరో అడిగితే, ఆ సంగతి పరిశీలనలో ఉందని జవాబిచ్చాం. నేనా మండలిలో ప్రచార అధికారిని. ప్రచారం చెయ్యడానికి ఏమీ లేనప్పుడు కూడా చెయ్యగలగడం నా అర్హత.

జర్మనీలో ద్రాక్షకొండలు ఉన్నాయనీ, శరత్కాలంలో జనం తండోపతండాలుగా వచ్చి కొత్త వైన్ తాగి పోతారనీ మండలికి తెలిసింది. వైన్ వైనం తెలుసుకోవాలి కదా. అధ్యయన యాత్ర అని ఉత్తర్వు వచ్చింది. అద్దె బస్సులో యానం కాబట్టి నేను దాన్ని అద్దెయాన యాత్ర అన్నాను. దక్షిణామూర్తి గారి పేరు దక్షిణమే గానీ చూపెప్పుడూ పడమరే. జర్మనీ అనే మాటలో సగం జరం, సగం మనీ. మనీ ఖజానాది, జరం మాది, దిగిన మొదటి సాయంత్రమే పట్టుకుంది.

ఇర్మా గారిది చిన్న పల్లె. వెనక కొండ నిండా ద్రాక్ష, పసుపూ ఎరుపూ ఆకులు. పూర్వం ఆవుల్ని కట్టేసిన కొట్టంలో బల్లలు వేసింది. ఎవరో తెలియనివాళ్లు మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని ఉల్లిగడ్డ రొట్టె తింటూ, మబ్బుగా ఉన్న కొత్త వైన్ తాగుతున్నారు. అదింకా పులుస్తూనే ఉంది, మన కల్లుకి మేనత్త కొడుకులా బుసబుసలాడుతోంది. సీసాకి మూత బిగించకూడదని ఆవిడ రెండుసార్లు చెప్పింది. కానీ మా మండలిలో శాంపిల్ అంటే సీలు. మందాకిని గారి చేతిసంచిలో లక్క ఎప్పుడూ ఉంటుంది. ఆ సీలు బస్సులో ఆవిడ పట్టుచీర మీదే విడిపోయింది. ఆవిడ దాన్ని రవాణా నష్టం కింద చూపించారు.

అసలు విషయం సీసా కాదు, చీపురు. ఇంతమందికి ఈ ఇల్లు ఎలా తెలుస్తోందని, హోర్డింగు లేదు, బ్రోషరు లేదు, మా వంటి మండలి ఏదీ లేదు గదా అని దక్షిణామూర్తి గారు అడిగించారు. నేను ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ తన ఇంగ్లీషులో చెప్పింది. బోర్డులెందుకు, చీపురుంది కదా, చీపురు కట్టగానే జనం వస్తారు అంది. "అయితే, చీపురు కట్టినంత కాలం..." అని ఇంకేదో చెప్పబోయింది.

"నోటెడ్" అన్నారు సంచాలకులు.

ఈ మాట గురించి కొంచెం చెప్పాలి. మా మండలిలో ఎవరు ఏది చెప్పినా, వాక్యం సగానికి రాగానే పెద్దవాళ్లు నోటెడ్ అంటారు. అన్నాక రెండో సగం చెప్పడం అవిధేయత. మండలి పుట్టిన నాటి నుంచి మేం పూర్తిగా విన్న వాక్యం ఒకటీ లేదు. ఇర్మా గారు మర్యాదస్తురాలు, ఆగిపోయింది. బయట బస్సు హారను కొడుతోంది, చాక్లెట్ల దుకాణం మూసే వేళవుతోంది. సంచాలకులు గారు సంచుల కోసం బయల్దేరారు.

తిరిగొచ్చాక మండలి నివేదిక వెలువడింది. సారాంశం ఏమిటంటే, జర్మనీ అభివృద్ధికి మూలం చీపురు. వెంటనే సర్క్యులరు. సర్క్యులరు అని ఎందుకంటారంటే అది గుండ్రంగా తిరిగి చివరికి బీదవాడి ఇంటి ముందే ఆగుతుంది.

"పర్యాటకుల ఆకర్షణార్థము గుత్తులపల్లె పరిధిలోని ప్రతి గుమ్మమునకును, గుమ్మము లేనిచో గుమ్మము ఉండదగిన చోటునను, ఒక చీపురు శాశ్వత ప్రాతిపదికన కట్టవలెను. సదరు చీపురు పుల్లలు ఆకాశమును, పిడి భూమిని సూచించవలెను. ఉల్లంఘన తీవ్రముగా పరిగణించబడును."

ఇళ్లకు కట్టారు, బడికి కట్టారు, రేషన్ షాపుకి కట్టారు, పోలీసు ఔట్‌పోస్టుకి కట్టారు. బస్ షెల్టరుకి గుమ్మం లేదు కాబట్టి ముందు ఒక గుమ్మం కట్టి, దానికి చీపురు కట్టారు. బస్సు ఎక్కేవాళ్లు తలొంచి గుమ్మంలోంచి దూరి, అవతల నిలబడి ఎక్కాలి. మండలి శిబిరం ఆఫీసుకి మాత్రం వెండిరంగు పూసిన చీపురు. గుత్తులపల్లెను చీప్ ఊరు అనుకునేవాళ్లు ఇకమీదట చీపురు ఊరు అనుకోవాలని నేను కరపత్రంలో రాశాను. మందాకిని గారు ఆ వాక్యాన్ని ఆమోదించారు, అర్థం చేసుకోకుండా.

ఊళ్లో ఉన్న చీపుళ్లన్నీ పైకెక్కేసరికి కింద ఊడ్చే దిక్కు లేకుండా పోయింది. చెత్తాచెదారం వీధుల్లో మేట వేసింది. "శరత్కాల వాతావరణము స్వయంసిద్ధముగా ఏర్పడుచున్నది" అని మండలి పైకి రాసింది.

శరత్తుకు ఇంకా కొన్ని షరతులుండిపోయాయి. మా వైపు ద్రాక్ష కోత ఎండాకాలం ముందు. అక్టోబరులో తీగలు కత్తిరించి వదిలేస్తారు, పందిళ్ల మీద పుల్లలు తప్ప ఏమీ ఉండవు. మండలి మరుసటి ఏటికి తలపెట్టిన ద్రాక్ష పండుగ మాత్రం అక్టోబరులోనే జరగాలి, ఎందుకంటే జర్మనీలో అక్టోబరులో జరిగింది. బెంగుళూరు మార్కెట్టు నుంచి ద్రాక్ష పెట్టెలు తెప్పించి, గుత్తి గుత్తికీ దారం కట్టి పందిళ్లకు వేలాడదీశారు. ఎర్రాకులు రాలాలి గనక ధర్మవరం దిక్కు నుంచి బాదం ఆకులు బస్తాల్లో తెచ్చి వీధులంతా చల్లారు. అక్కడ శరత్తు వస్తే ఆకులు రాలే. ఇక్కడ శరత్తు వచ్చినా టూరిస్టులు రాలే. అంతే తేడా.

రాకపోవడం మాట అటుంచి, వచ్చేవాళ్లు కూడా పోయారు. ఈ దెబ్బ ముందుగా తగిలింది ఓబులమ్మకి.

హైవే పక్కన మండలి స్థలంలో ఓబులమ్మ హోటలుంది. రేకుల షెడ్డు, రెండు బెంచీలు, బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ. మొగుడు పోయినప్పటి నుంచి ఆమె బతుకంతా ఆ పొయ్యి మీదే. బెంగుళూరు లారీలు అక్కడ ఆగకుండా పోయేవి కావు. చీపురు కట్టాక ఆగడం మానేశాయి. ఆ సీమలో చీపుర్ని పొరక అంటారు. అది తలుపు చాటున, మూల పడుకోబెట్టాలి. పొద్దున్నే దాని మొగం చూస్తే ఆ రోజంతా అంతే సంగతులంటారు. దాన్ని ఏకంగా నెత్తి మీద పెట్టుకుని ఎవడు భోజనానికొస్తాడు?

పాత ఖాతాదారు మౌలాలి ఒక రోజు లారీ పక్కకు తీశాడు గానీ దిగలేదు. కిటికీలోంచే మాట్లాడాడు.

"నాకేం పట్టింపు లేదక్కా. నా క్లీనరే దిగనంటాండాడు. బంపరుకు నిమ్మకాయ కట్టుకునేటోళ్లం, పొరక కింద ఎట్ల దూరల్ల చెప్పు."

"నేను కట్టలేదు మౌలాలీ, గవర్నమెంటోళ్లు కట్టిపిచ్చినారు."

"గవర్నమెంటోళ్లొచ్చి తింటాండారా మరి?"

తినడం లేదు. గవర్నమెంటోళ్లం మేం క్యారేజీ తెచ్చుకుంటాం.

ఓబులమ్మ శిబిరం ఆఫీసుకొచ్చి, పొరక దించనివ్వమని అడిగింది. మందాకిని గారు ఆమెను కూర్చోబెట్టి, ఇది సాంస్కృతిక సంధానం ద్వారా గమ్యస్థాన సాధికారత అని చెప్పారు. ఓబులమ్మ అంతా విని, అది తగ్గేదానికి మందేమన్నా ఉందా మేడమ్ అని అడిగింది. ఇంతలో దక్షిణామూర్తి గారు వచ్చి, చీపురు అశుభమనడం మూఢనమ్మకమని తేల్చేశారు. మరి చీపురు కడితే జనం వస్తారనడం ఏమిటి సార్ అని నేనడిగితే, అది జర్మన్లు నమ్ముతున్నారు కాబట్టి శాస్త్రం అన్నారు.

"సార్, నా పొయ్యి ఆరిపోతాంది. ఈ అంగడి తప్ప నాకేమీ..."

"నోటెడ్."

ఆమె అంగడికెళ్లి పొరక దించేసింది. మరుసటి పొద్దునే చీపురు తనిఖీ దళం వచ్చి మళ్లీ కట్టింది, ఈసారి అందనంత ఎత్తులో, మేకులతో. వెంట నోటీసు. జర్మన్ పద్ధతిని ధిక్కరించినందున పండుగ ముగిసిన సాయంత్రమే హోటలు ఖాళీ చెయ్యాలి. ద్రాక్షకు రక్ష, ఓబులమ్మకు శిక్ష.

పండుగ రోజు వచ్చింది. ముఖ్య అతిథి ఇర్మా గారు, వెంట ఒక బస్సెడు జర్మన్లు. వేదిక ఊరి మధ్యలో వేశాం. నాదస్వరం, శాలువాలు, దక్షిణామూర్తి గారి స్వాగతోపన్యాసం, అన్నీ సిద్ధం. బస్సు ఆగింది. జర్మన్లు దిగి వీధి ఇటునుంచి అటు చూశారు. ప్రతి గుమ్మానికీ చీపురు. వాళ్ల మొహాలు పండుగ దీపాల్లా వెలిగాయి. ఇర్మా గారైతే కళ్లు తుడుచుకుంది.

మేం శాలువాలు పట్టుకుని ఎదురెళ్లేలోపు వాళ్లు వేదికను దాటుకుని, ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా, ఇళ్లలోకి వెళ్లిపోయారు.

తలుపు తట్టలేదు, పిలవలేదు. తిన్నగా లోపలికెళ్లి కూర్చున్నారు. రామాంజులు గడ్డం గీసుకుంటుంటే దంపతులిద్దరు వచ్చి అతని నులకమంచం మీద ఒదిగి కూర్చుని, చిరునవ్వుతో ఎదురుచూడటం మొదలుపెట్టారు. సగం గడ్డంతో అతను వాళ్లనీ, వాళ్లు అతన్నీ చూస్తున్నారు. ఇంటికొచ్చిన మనిషిని ఆ సీమలో ఎందుకొచ్చావని అడగరు. రామాంజులు తల్లి నీళ్లిచ్చింది. నీళ్లిచ్చాక మజ్జిగ ఇవ్వాలి. మజ్జిగయ్యాక సంగటి ముద్ద పెట్టాలి. వీధి వీధంతా ఇదే వరస. ఇద్దరు రేషన్ షాపులో బియ్యం బస్తాల మీద కూర్చున్నారు. ఒక పొడవాటి ఆయన ఔట్‌పోస్టులోకి వెళ్లి, బెంచీ బాగుందని లాకప్పులో కూర్చుని వైన్ అడిగాడు. కానిస్టేబులు సెల్యూట్ కొట్టి తలుపేశాడు, అలవాటు కొద్దీ.

మండలి శిబిరం ఆఫీసులోకి వృద్ధ దంపతులిద్దరు వెళ్లారు. అక్కడ వెండి చీపురు ఉంది కదా, సరుకు ఇంకా శ్రేష్ఠమైనదై ఉంటుందని. దక్షిణామూర్తి గారు ఉపన్యాసం కాగితాలు పట్టుకుని పరుగున వచ్చేసరికి పెద్దాయన ఆయన కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. మీ ఇంట్లో మీ చేత్తో తయారుచేసింది ఏదుంటే అది పెట్టమన్నాడు. నేను అనువాదం చేశాను.

సంచాలకులు మందాకిని గారి వైపు చూశారు. ఆవిడ గది నాలుగు మూలలా చూశారు. మండలి స్వయంగా తయారుచేసిన వస్తువు ఒకే ఒకటుంది. దాన్నే తెచ్చి బల్ల మీద పెట్టారు. నివేదిక. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పి, దీంట్లోకి నంజుకోవడానికి ఏమిస్తారని అడిగాడు.

ఎక్కువమంది చేరింది ఓబులమ్మ హోటల్లో. ఖాళీ చేసేముందు డబ్బాలో మిగిలిన బొరుగులు పారేయడం ఇష్టం లేక ఆ పొద్దున ఆమె ఉగ్గాణి కలిపింది. ఎవరూ రారని తెలిసే బజ్జీల పిండి కూడా కలిపింది, చేతి అలవాటు. ఇర్మా గారూ, ఇంకో పదిమందీ రెండు బెంచీల మీద మోకాలికి మోకాలు ఆనించి ఇరుక్కున్నారు. మిరపకాయ బజ్జీ తిన్న ఒకాయనకి ముక్కూ కళ్లూ ఏకమై, ఇంకోటి అడిగాడు. ఆ సందడి చూసి రోడ్డు మీద మౌలాలి లారీ ఆపాడు. తెల్లవాళ్లు తింటున్నారంటే పొరకకు విరుగుడు ఏదో ఉండుంటుందని క్లీనరు కూడా దిగాడు. సగం ఊరు అక్కడికే వచ్చింది, వెనకాలే మా మండలి.

గిన్నె ఖాళీ అయింది. బయట ఇంకా మనుషులు నిలబడి ఉన్నారు. ఓబులమ్మ ఖాళీ గిన్నె వంచి చూపించి, అయిపోయింది నాయనా అంది. ఇర్మా గారికి మాట తెలియకపోయినా గిన్నె అర్థమైంది. లేచి, గుమ్మం పైకి చూపిస్తూ ఏదో అంది. నేను విన్నది విన్నట్టు తెలుగులో చెప్పాను.

"అయిపోయింది కదమ్మా, ఇక చీపురు దించెయ్యి."

మందాకిని గారు, చీపురు శాశ్వత ప్రాతిపదికన కట్టబడినదని ఇర్మా గారికి తెలియజేయమన్నారు. తెలియజేశాను. ఇర్మా గారికి అది నా ఇంగ్లీషు లోపం అనిపించింది, మళ్లీ చెప్పించుకుంది. అప్పుడావిడ హోటలు మెట్టెక్కి అందరికీ వినబడేలా మాట్లాడింది. నేను పక్కన నిలబడి ఒక్కో వాక్యం తెలుగు చేశాను. మా మండలి చరిత్రలో పూర్తిగా విన్న మొదటి వాక్యాలు అవి.

"మా ఊళ్లో చీపురు అంటే పిలుపు. మా ఇంట్లో మేం చేసుకున్నది ఉంది, లోపలికొచ్చి కూర్చోండి అని అర్థం. చీపురు కట్టినంత కాలం ఎవరైనా రావచ్చు. లోపల ఉన్నది ఆ ఇంటివాళ్లు తమ చేత్తో చేసిందే అయ్యుండాలి. అయిపోగానే చీపురు దించెయ్యాలి. కట్టడమూ దించడమూ ఇంటివాళ్ల ఇష్టం. ఖాళీ ఇంటికి చీపురు వేలాడుతుంటే ఊరంతా నవ్వుతారు."

అంతదాకా చెప్పి దక్షిణామూర్తి గారి వైపు తిరిగింది. "ఆ రోజే చెప్పబోయాను. మీరు నోటెడ్ అన్నారు. మీ భాషలో నోరు ముయ్యమనడానికి అది మర్యాదైన మాటేమో అనుకున్నాను."

ఇది కూడా తెలుగులో చెప్పాను. బహుశా అవసరమైన దానికంటే కొంచెం గట్టిగానే చెప్పాను.

అప్పటిదాకా ఎందుకు తమ మంచాల మీద తెల్లవాళ్లు కూర్చున్నారో తెలియని ఊరికి ఒక్కసారిగా తెలిసింది. ముందు రామాంజులు నవ్వాడు, సగం గడ్డంతోనే. తర్వాత అతని తల్లి నవ్వింది. "అయ్యో, మనమే పిలిచినామంట వాళ్లను" అని ఆమె పక్కావిడకు చెప్పింది. ఆ మాట గుమ్మం గుమ్మం దాటి వీధి చివర బస్ షెల్టరు దాకా పోయింది.

ఓబులమ్మ మాత్రం నవ్వలేదు. చీరకొంగుతో చేతులు తుడుచుకుని సంచాలకుల ముందుకొచ్చింది.

"అంటే సార్, సరుకైపోతే దించొచ్చునంట కదా. జర్మనీ పద్ధతే అది."

దక్షిణామూర్తి గారు జర్మన్ల వైపు చూశారు, ఊరి వైపు చూశారు, నా వైపు చూశారు. జర్మన్ పద్ధతిని ధిక్కరించిందని నోటీసిచ్చింది తామే. ఇప్పుడు దించవద్దంటే ధిక్కరించింది తామే అవుతారు. గొంతు సవరించుకుని, సదరు నోటీసు పునఃపరిశీలనలో ఉన్నదని ప్రకటించారు. మా మండలి భాషలో పునఃపరిశీలన అంటే ఓడిపోయామని.

మౌలాలి లారీలోంచి పట్టకారు తెచ్చి, బెంచీ ఎక్కి, మేకులు పీకాడు. పొరక కిందికొచ్చింది. ఓబులమ్మ దాన్ని పుల్లలు కిందికి తిప్పి పట్టుకుని, కళ్లకద్దుకుని, నడుం వంచి అంగడి ముందు ఊడ్చడం మొదలుపెట్టింది. మేం బస్తాల్లో తెచ్చి చల్లిన బాదం ఆకులన్నీ ఆమె ముందు కుప్పగా జరుగుతున్నాయి. మౌలాలి క్లీనరు బెంచీ మీద కూర్చుని, పొయ్యి మళ్లీ ఎప్పుడు అంటిస్తావక్కా అని అడుగుతున్నాడు. వీధి పొడుగునా ఇంటింటి గుమ్మం నుంచీ పొరకలు దిగుతున్నాయి. మండలి ఆఫీసు వెండి చీపురు మాత్రం దించలేదు. మా సరుకు అయిపోయేది కాదు కదా.

ఊడుస్తూ ఊడుస్తూ ఓబులమ్మ మా దగ్గరికొచ్చి ఆగింది.

"కాళ్లు తియ్యండి సార్."

సంచాలకులు ఒక కాలెత్తారు. తర్వాత రెండోది. ఆయన ఏం చేస్తే వెనకున్నవాళ్లూ అదే చెయ్యాలి కాబట్టి మందాకిని గారూ నేనూ కూడా ఎత్తాం. మా కాళ్ల కింద మిగిలిన ఆకుల్ని కూడా ఓబులమ్మ లాగి కుప్పలో కలిపింది. మండలి తెచ్చిన శరదృతువు మొత్తం ఒక్క చాటలో పట్టింది.